పక్కతెర షెహాతా

జుబ్బా అంచు మీద నోటి ఆవిరి ఊది, తెర మీద అక్షరాలు వేసే లాంతరు అద్దం తుడిచాడు షెహాతా. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్ళీ తుడిచాడు. మసక పోలేదు. ఈ మధ్య కైరోలో దుమ్ము పెరిగిపోయిందని, బల్బుల్లో కూడా కల్తీ మొదలైందని అతని ఫిర్యాదు. అరబ్బీ మాటలు రాసి ఉన్న ఫిల్ము చుట్టను లాంతరులోకి ఎక్కించి, మొదటి మాట సరిగ్గా కూర్చునేదాకా పిడి తిప్పి, స్టూలు మీద కూలబడ్డాడు.

అతని పని అదే. పెద్ద తెర మీద తెల్లదొర నోరు తెరవగానే పిడి తిప్పాలి. దొర అన్న మాట పక్కనున్న చిన్న తెర మీద అరబ్బీలో పడాలి. షెహాతాకు ఇంగ్లీషు రాదు, నోళ్ళు చూసి తిప్పుతాడు. పెళ్ళి చేసుకోలేదు, షుబ్రా పేట దాటి కాపురం పెట్టలేదు. ఆ సినిమా హాలు గోడకు కొట్టిన మేకులా ఉండిపోయాడు.

భయం సినిమాలు తిప్పడంలో మాత్రం తన అంతటివాడు లేడని అతని గర్వం. ఆ వారమంతా పాత భయం సినిమాలే. రక్తం తాగే జమీందారు, సమాధిలోంచి లేచొచ్చే పెళ్ళికూతురు. గుడ్డలు చుట్టిన పాతకాలపు రాజు శవం నడిచే సినిమాకైతే భయపడేవాడే లేడు. మన తాతగారే కదా, కూర్చోబెట్టి కాఫీ ఇద్దామని జనం పడీపడీ నవ్వేవారు. షెహాతాకు అన్నిటికంటే ఇష్టం పాడుబడ్డ లైట్‌హౌస్ సినిమా. అందులో దెయ్యం కనబడనే కనబడదు. ఒక ముసలామె దీపం పట్టుకుని మెట్లెక్కుతుంది, పైన మూసిన తలుపు ఉంటుంది. దెయ్యాన్ని చూపిస్తే అది సర్కసు, తలుపును చూపిస్తే అది భయం అని కాఫీ దుకాణంలో దొరికినవాడికల్లా చెప్పేవాడు. ప్రేమ సినిమాలో మాట పెదవితో పాటే పడాలి. భయం సినిమాలో జనం ఊపిరి బిగబట్టాక పడాలి. తలుపు వెనక ఏముందో ముందే చదివేస్తే ఇంక భయపడేదెవరు?

అలాంటి చేతికి ఇప్పుడు మచ్చ వచ్చింది. కొన్నాళ్ళుగా మాటలు తప్పుతున్నాయి. జమీందారు మెడ కొరకబోతుంటే చిన్న తెర మీద టీలో చక్కెర ఎంత వెయ్యమంటారని పడింది. హాలంతా ఈలలు. షెహాతా నిద్రపోయాడా, లేక వాడూ చచ్చి లేచాడా అని బాల్కనీలోంచి ఎవడో అరిచాడు. యజమాని స్టావ్రో గ్రీకువాడు, పెద్దగా కోప్పడే మనిషి కాడు. అయినా ఇంకొక్కసారి తప్పితే చిన్న తెర పీకించేస్తానన్నాడు. కొత్త సినిమాల్లో మాటలు బొమ్మ మీదే అచ్చయి వస్తున్నాయట, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు. ఇల్లంటే షెహాతాకు ఒక గది, ఒక మంచం. హాలు పోతే తనూ పోయినట్టే.

ఎవరో కావాలనే చేస్తున్నారు, సందేహం లేదు. చెక్క పలకల గోడకు అవతల సినిమా మిషను నడిపే వహ్బా తప్ప అక్కడ ఇంకెవరున్నారు? వహ్బా మంచివాడు. షెహాతాకు నచ్చనిది అదే. రోజూ పుదీనా టీ తెస్తాడు, మోకాళ్ళ సంగతి అడుగుతాడు, కళ్ళెలా ఉన్నాయి మామా అని మరీ మరీ అడుగుతాడు. ఇన్నేళ్ళు భయం సినిమాలు చూసినవాడికి ఆమాత్రం తెలియదా? మొదటి రీలులో దుప్పటి కప్పి, పాలు తాగించేవాడే చివరి రీలులో గొంతు పట్టుకుంటాడు.

పైగా ఆ చప్పుడు. ఆట మొదలైన దగ్గర్నుంచి గోడ అవతల టక్కు, టక్కుమని మెత్తగా కొడుతూనే ఉంటాడు. ఉలిక్కిపడి షెహాతా చెయ్యి పిడిని తిప్పేస్తుంది. మాటలు తప్పేదేమో సరిగ్గా వహ్బా రీలు మార్చే వేళకే. అంతసేపూ టకటకలాడించి బుర్ర తిప్పేసి, ఆ సందులో ఏదో చేస్తున్నాడని షెహాతా తేల్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆట ముందు స్టావ్రో గదికి వెళ్ళి అంతా చెప్పేశాడు. స్టావ్రో వహ్బాను పిలిపించాడు.

"గోడ మీద కొట్టేది నువ్వేనా?"

"నేనేనండి."

"ఎందుకు?"

వహ్బా షెహాతా ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి, మళ్ళీ స్టావ్రో వైపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఊరికేనండి," అన్నాడు.

"ఊరికే కొట్టుకునేవాడికి నా హాలెందుకు? ఇవాళే దిగిపో. మిషను మా బావమరిది చూసుకుంటాడు."

షెహాతా ఛాతీ విరుచుకుని మెట్లెక్కాడు. కాసేపటికి చంకలో మూటతో వహ్బా వచ్చాడు. అలవాటు చొప్పున చేతిలో టీ గ్లాసు.

"మామా, ఇవాళ లైట్‌హౌస్ ఆడుతుంది. చివర్లో ముసలామె దీపం కింద పెట్టేదాకా తిప్పకు. దీపం తెల్లగా ఉంటుంది, అది నీకు కనబడుతుంది."

అది నీకు కనబడుతుందంటాడేమిటి, మిగతావి కనబడవన్నట్టు? షెహాతాకు ఒళ్ళు మండింది. టీలో ఏం కలిపాడోనని గ్లాసు ముట్టుకోలేదు. వహ్బా మెట్లు దిగిపోయాడు.

ఆట మొదలైంది. గోడ నిశ్శబ్దంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు షెహాతా. పెద్ద తెర మీద పడవవాడు ఒడ్డుకు వచ్చి ఏదో చెబుతున్నాడు. షెహాతా చెయ్యి పిడి మీదే ఉండిపోయింది. ఎందుకు తిప్పడం లేదో అతనికే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చెయ్యి గోడ చప్పుడు కోసం ఎదురు చూస్తోంది.

గబగబా రెండుసార్లు తిప్పాడు. కింద నవ్వులు. ముందుకు వంగి పడవవాడి నోటికోసం వెతికాడు. నోరు లేదు. కళ్ళు లేవు. పెద్ద తెర మీద తెల్లటి పిండిముద్దలాంటి ముఖం ఒకటి ఊగుతోంది. దాని పక్కన ఇంకొకటి. ఇన్నేళ్ళలో ఏ సినిమాకూ భయపడని షెహాతాకు ఆ ముఖాలను చూసి వెన్నులో చలి పుట్టింది.

కల్తీ బల్బులో లేదు. మాట పడాల్సిన చోటల్లా కొట్టి చెప్పింది వహ్బా. రీలు మార్చేటప్పుడు చేతులు ఖాళీ లేక కొట్టలేకపోయేవాడు. ముసలివాడికి చూపు పోయిందని యజమానికి ఒక్క మాట చెబితే తన ఉద్యోగం దక్కేది, చెప్పలేదు. షెహాతాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఈలల మధ్య, నవ్వుల మధ్య కథ మెట్ల దాకా వచ్చింది. నల్లటి తెర మీద తెల్లటి చుక్క ఒకటి పైకి, ఇంకా పైకి పోతోంది. పిడి పట్టుకుని ఆగాడు షెహాతా. చుక్క కిందికి దిగి నిలబడింది. తిప్పాడు. హాల్లో ఈలలు ఠక్కున ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఆ ఆట మొత్తం మీద సరిగ్గా పడిన మాట అదొక్కటే. షెహాతా పిడి వదిలేసి ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

దీపాలు వెలిగాయి. కింద నుంచి స్టావ్రో అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఎందుకు పిలుస్తున్నాడో షెహాతాకు తెలుసు. అతను కిందికి పోలేదు. గోడ తడుముకుంటూ మిషను గదిలోకి వెళ్ళాడు. బావమరిది సిగరెట్టుకు బయటికి పోయాడు. వహ్బా సామానేదీ మిగల్లేదు. పలకల మీద చెయ్యి ఆడిస్తుంటే మేకుకు వేలాడుతున్నదేదో తగిలింది. తీసి కళ్ళ దగ్గరగా పెట్టుకున్నాడు. చెక్క గరిటె. చప్పుడు హాల్లోకి పోకుండా దాని కొనకు గుడ్డ దళసరిగా చుట్టి దారంతో కుట్టి ఉంది. గోడకు తగిలే వైపు మాత్రం గుడ్డంతా అరిగిపోయి లోపలి చెక్క బయటపడింది.