నిర్బంధమేమీ లేదు

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. పెళ్లై ఏడు వారాలే. గిన్నెలు తోముతూ నురగలోంచి బుడగలు ఊది, వాటి మీద రంగులు చూసి మురిసిపోయే రోజులవి. భర్త ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి గట్టు మీద పెట్టాడు. బల్ల దగ్గర అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తున్నారు.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, నీ వివరణ ఖాయమైంది. అక్షరం మార్చలేదు. కింద నీ పేరే వేస్తున్నాం," అన్నారు నిఘంటువు సంపాదకురాలు.

ఆమె నవ్వు చెవుల దాకా పాకింది. నిఘంటువు కార్యాలయంలో మూడేళ్లుగా పనిచేస్తున్నా, ఎవరో రాసినవి సరిచూడడమే తప్ప తనదంటూ ఒక్క ముక్క అచ్చులో పడలేదు. పోయినేడు 'నిర్బంధం' అనే మాట ఆమె వంతుకొచ్చింది. అర్థంలో లోపమేమీ లేదు: ఒకరిని ఒక చోటు దాటి వెళ్లనీయకుండా ఉంచడం. ఉదాహరణలే ఆమెకి నచ్చలేదు. అన్నీ రాజులూ కోటలూ జైళ్లూ. ఇళ్లలో ఆ మాటని ఎవరు, ఎప్పుడు, ఎలా అంటారో, వాడుకలు రాసిపెట్టే ఏ చీటీలోనూ లేదు. అప్పట్నుంచి చెవులు రిక్కించుకుని తిరిగింది. చివరికి ఒకటి పట్టుకుంది: ఇళ్లలో ఆ మాటని, నిర్బంధం లేదని చెప్పడానికే వాడతారు.

అయితే ఆ కార్యాలయంలో ఒక పద్ధతుంది. కొత్త వాడుక ఏదైనా సరే మూడు నోళ్లలోంచి, మూడు చీటీలుగా రావాలి. అన్నవారెవరు, విన్నవారెవరు, చోటేది, సందర్భమేమిటి, ఉన్నదున్నట్టు రాయాలి. మొదటి చీటీ వాళ్ల నాన్నది. అమ్మ సంగీతం నేర్చుకుంటానంటే, "నిన్నెవరైనా నిర్బంధించారా? వంట ముగించుకుని వెళ్లు," అన్నాడు. వంట ముగిసిన రోజు లేదు. రెండోది, తన జాకెట్లు కుట్టే దర్జీ ఆవిడతో వాళ్ల అన్నగారన్నది. మూడోది దొరక్కుండానే పెళ్లి సెలవు మొదలైంది.

మూడు వారాల సెలవు అయిపోతుంటే, "అమ్మకి నువ్వు అలవాటవ్వాలి కదా," అని భర్తే ఆమె తరఫున ఉత్తరం రాసి పొడిగించాడు. ఆమెకీ ముద్దుగానే అనిపించింది. పొడిగించిన రెండు వారాలూ గడిచాక, ఇక వెళ్తానంది. అతను పక్కనే నిలబడి ఆమె కడిగిన కప్పులు తుడుస్తూ, ఎంతో ప్రేమగా, "పిచ్చీ, నిర్బంధమేమీ లేదే. నేనెందుకు ఆపుతాను? ఇప్పుడే ఎందుకని, అంతే," అన్నాడు. ఆమె మనసు ఎగిరి గంతేసింది. మూడో చీటీ దొరికింది. మర్నాడు పొద్దున్నే రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా దాదాపు పరుగెత్తింది. వట్టి చేతులతో తిరిగొస్తుంటే అప్పుడు తట్టింది, ఆ మాట విన్న చెవులు తనవేనని. ఇంటికొచ్చేసరికి, సెలవు ఇంకో రెండు వారాలు పొడిగించమంటూ భర్త రాసిన రెండో ఉత్తరం వెళ్లిపోయింది.

ఫోన్లో సంపాదకురాలు ఇంకా చెబుతూనే ఉన్నారు. "మూడో చీటీని మావాళ్లు రెండుసార్లు చదివించుకున్నారనుకో. 'అన్నవారు: భర్త. విన్నవారు: భార్య. చోటు: వంటగది. సందర్భం: ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు.' రేపు పదింటికి నిఘంటువు సంఘం వాళ్లంతా వస్తున్నారు, నువ్వే చదివి వినిపించాలి. కానీ ఇంకో నెల సెలవు కావాలని ఇవాళే నీ ఉత్తరం వచ్చిందే. వస్తావా, రావా?"

ఇంకో నెల. ఆ సంగతి ఆమెకి తెలియదు.

ఆమె తలతిప్పి చూసింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం చెబుదామనుకున్నానని గొణిగాడు. అంతటితో ఆగినా బాగుండేది.

"ఇంతకీ నిన్ను నేనేమైనా నిర్బంధించానా చెప్పు," అన్నాడు.

అని నాలుక్కరుచుకున్నాడు. ఆమెకి నవ్వు ఆగలేదు. కోపం రావాల్సిన చోట నవ్వొస్తోందేమిటా అని ఆమెకే వింతగా ఉంది. ఏడాదిపాటు ఊరంతా వెతికి పట్టుకున్న సంగతి తప్పు కాదని, కళ్లెదుటే మళ్లీ రుజువైతే ఒళ్లంతా గర్వంతో పొంగిపోతోంది. ఈ అమాయకుణ్ణి ఆమె ప్రేమిస్తోంది. ఆ చీటీలో రాసిందీ అక్షరాలా నిజమే. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. కానీ ఆమె పేరుతో ఉత్తరాలు రాసే చెయ్యి మాత్రం ఆమెదే అవ్వాలి.

అత్తగారు బీన్స్ గిన్నె పక్కకి జరిపారు. ఇంక కోడలు అలవాటవ్వాలన్న సంగతే ఎత్తుతారనుకుంది ఆమె.

"నాతో ఆ మాట ఎవరూ అనలేదమ్మాయ్," అన్నారావిడ, కొడుకు వైపు చూడకుండానే. "ఎందుకంటారు? వెళ్తానని నేనెప్పుడు అడిగాను గనక."

ఆమె చేతులు తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఆ ఉత్తరం నేను రాసింది కాదు మేడమ్, చించెయ్యండి. రేపు ఎనిమిదిన్నర బస్సుకి వస్తున్నాను."