శుక్రవారం పొగ

"పేరు దొరస్వామి, ఊరు పుంగనూ..." అంటూ కంప్యూటరు మళ్ళీ మాట మింగేసింది.

యోగానంద చెవిలోంచి ఇయర్‌ఫోను లాగేశాడు. అలిపిరి దారిలో ఉన్న ఆ సత్రంలో ఫోన్లెత్తి గదులు రాసుకోవడం అతని పని. పుట్టుకతోనే చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఆ గొంతే అతనికి దారి. ఈ కుర్చీ దొరక్క ముందు పల్లెలో నాయన పక్కన కూర్చుని మంచాలకు నులక అల్లేవాడు. ఎవరైనా "పాపం" అంటే వినీ విననట్టు నులక గట్టిగా లాగేవాడు. ఇక్కడ ఫోనులో అతన్ని అందరూ "సార్" అంటారు.

కొన్నాళ్ళుగా ఆ గొంతు నడిమధ్యలో తెగిపోతోంది. ఈ పొద్దు ఒకే గది ఇద్దరికి రాసేశాడు. రెండు కుటుంబాలూ తాళంచెవి కోసం కౌంటరు దగ్గర జుట్లు పట్టుకోవడమొక్కటే తక్కువ.

మేనేజరు గిరిప్రసాద్ తాళాల గుత్తి విసిరేశాడు. "తప్పు మిషన్దో నీదో నాకెందుకప్పా? సాయంత్రానికి సక్కంగా పలకాల. లేకుంటే రేపట్నుంచి కండ్లుండే వాణ్ణి కూసోబెడతా."

యోగానంద కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కరెంటు సరిగా రావడం లేదేమో? నేల తుడుస్తున్న దేవకమ్మను పిలిచాడు.

"అవ్వా, కింద కరెంటు డబ్బా మీద దీపం వెలగతా ఉండాదా?"

"పచ్చంగా వెలగతా ఉండాది నాయనా. మేనేజరు మొగమే మాడిపోయుండాది."

అయితే కరెంటు కాదు. కాసేపు ఆపి పెడితే మిషను బాగానే పలుకుతోంది. పని ఎక్కువయ్యేసరికి చచ్చిపోతోంది. వెనక్కి చెయ్యి పోనిచ్చి చూశాడు. దోసెపెనంలా కాలుతోంది. గాలి రావడం లేదు. ప్లగ్గు పీకి, మరలు విప్పి, లోపలి ఫ్యాను రెక్కలు తడిమాడు. జిడ్డుగా, ముద్దగా ఏదో అంటింది. వేళ్ళు వాసన చూసుకున్నాడు. సాంబ్రాణి. కుంకుమ.

ప్రతి శుక్రవారం పొద్దున తాను వచ్చేసరికి గదంతా ఉండే వాసన. తనకెంతో ఇష్టమైన వాసన.

"దీనికి నువ్వు పొగ వేస్తా ఉండావా అవ్వా?"

"వెయ్యనా మరి? నీకు కండ్లయి మాట్లాడే తల్లి గదా. ఆ బొక్కల్లోకి పోవాలని దగ్గరగా పెట్టి ఇసురుతా. బొట్లు గూడా పెడతా." ఆమె చేతిలోని గుడ్డ ఆగింది. "ఏం నాయనా, కాని పనా?"

అతను సొరుగు తడిమాడు. పాత పళ్ళబ్రష్షుతో రెక్కరెక్కా గీకాడు. మూత బిగించి మీట నొక్కితే గొంతు పుంగనూరును పూర్తిగా పలికింది.

"ఏమైందంట?" అన్నాడు గిరిప్రసాద్ గుమ్మంలోంచి.

పొగ సంగతి చెబితే ముసలామెను ఉంచడు. "ఏం లేదు సార్, దుమ్ము."

"దుమ్మా?" మేనేజరు గొంతు పక్కకు తిరిగింది. "దుమ్ము తుడిసేదానికే గదా నిన్ను పెట్టుకునింది? రేపట్నుంచి రావద్దులే దేవకమ్మా."

యోగానంద దిగ్గున లేచాడు. "సార్, అది..."

నిజం చెబితే ఆమె తప్పు ఇంకా పెద్దదవుతుంది. అబద్ధమాడినందుకు తన కుర్చీ కూడా ఉండదు. మళ్ళీ కూర్చున్నాడు. ఫోను మోగింది. ఎత్తి, "నమస్కారం, చెప్పండి" అన్నాడు.

ఫోను పెట్టేసరికి తుడుపు గుడ్డ చప్పుడు లేదు. బయట మెట్ల మీద చెప్పులు నిదానంగా దిగిపోతున్నాయి.

సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ చేతికర్ర కోసం టేబులు మూల తడిమాడు. మిషనుకు దూరంగా, దేవకమ్మ తుడుపు గుడ్డలో చుట్టి, మూత గట్టిగా బిగించి పెట్టిన చిన్న ఇత్తడి కుంకుమ భరిణె.