పన్నెండు ఏ.ఎం.

1984 మార్చి పద్నాలుగు ఉదయం మిరప రైతుల సంఘం కార్యాలయానికి మొదట వచ్చినవాడు కార్యదర్శి బుల్లయ్య. అతని వెనుక సభ్యులు రంగయ్య, సైదా వచ్చారు. తర్వాత విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు గురునాథం గొడుగు మడుచుకుంటూ వచ్చి గోడవారన కూర్చున్నారు. చిట్టచివర, పదిన్నరకు, పన్నెండేళ్లుగా అధ్యక్షుడైన శ్రీమన్నారాయణ తన నామినేషను పత్రంతో వచ్చాడు. ముందురోజు మంగళవారం కావడంతో ఆయన ఆ పని వాయిదా వేసుకున్నాడు.

ఈ ఉదయం కోసం గురునాథం మూడేళ్లు కాచుకున్నారు.

1981లోనూ నోటీసు ఇలాగే ఉంది: అధ్యక్ష పదవికి నామినేషన్ల గడువు మార్చి 14, 12 ఏ.ఎం. ఊరంతా అనుకున్నట్టే ఆయనా పగటి పన్నెండనుకుని పదకొండింటికి పత్రం తెచ్చారు. శ్రీమన్నారాయణ దాన్ని ముట్టుకోలేదు. 12 ఏ.ఎం. అంటే అర్ధరాత్రి అనీ, పద్నాలుగో తేదీ మొదలైన క్షణానే గడువు తీరిందనీ తీర్పు చెప్పి మినిట్సు పుస్తకంలో రాయించాడు. తన పత్రం మాత్రం ముందురోజే వేసుకున్నాడు.

"ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పారంటగా మాస్టారూ, గడియారం చూడటం నేర్చుకోలేదా?" అన్నాడు.

నవ్వినవాళ్లలో ఐదుగురు గురునాథం శిష్యులే.

ఆ వారమే ఆయన గుంటూరు బస్సెక్కి కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేశారు. ఏ.ఎం., పి.ఎం. అనేవి లాటిన్ మాటల పొడి అక్షరాలు: యాంటే మెరిడియెమ్, పోస్ట్ మెరిడియెమ్. సూర్యుడు నడినెత్తికి రాకముందు ఒకటి, దాటాక రెండోది. సరిగ్గా నడినెత్తిన ఉన్న క్షణం ముందూ కాదు, తర్వాతా కాదు. కనుక పన్నెండు పక్కన ఆ అక్షరాలు ఉండటమే పొరపాటు. తీర్పును ఎదిరించవచ్చు. ఆయన ఎదిరించలేదు, భద్రంగా దాచుకున్నారు.

బుల్లయ్య అలవాటు ఆయనకు తెలుసు. పాత నోటీసు ముందు పెట్టుకుని, సంవత్సరం ఒక్కటీ మార్చి, తక్కినదంతా ఉన్నదున్నట్టు దించుతాడు. అధ్యక్షుడు చదవకుండా సంతకం చేస్తాడు. ఈసారీ అదే జరిగింది. గురునాథం సోమవారమే పత్రమిచ్చి రసీదు తీసుకున్నారు.

ఇప్పుడు ఆయన లేచి, 1981 నాటి మినిట్సు చదవమని బుల్లయ్యను కోరారు. అతడు చదివాడు. శ్రీమన్నారాయణ తన పత్రాన్ని బుల్లయ్య ముందుకు తోశాడు.

"పన్నెండంటే పగలేనని ఊరందరికీ తెలుసు కదండీ," అన్నాడు.

"నాకూ అప్పుడు అలాగే తెలుసండి. మీరే దిద్దారు."

"కింద సంతకం మీదేగా, బాబాయ్?" అన్నాడు రంగయ్య. సైదా నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

బుల్లయ్య పత్రాన్ని తిరస్కరించక తప్పలేదు. వేరే అభ్యర్థి లేనందున గురునాథం ఏకగ్రీవంగా అధ్యక్షులయ్యారు. ఆయన కడుపు చల్లబడింది. కానీ బాకీ ఉన్న నవ్వు ఇంకా తీరలేదు. నిలబడి, కామాలతో సహా చెబుతూ, తమ మొదటి తీర్మానం రాయించారు:

"గడువు విషయమై 1981లోనే స్పష్టమైన తీర్పు ఇచ్చి, నేటి ఎన్నికకు దారి చూపిన శ్రీ శ్రీమన్నారాయణ గారి సేవను ఈ సంఘం కృతజ్ఞతాపూర్వకంగా గుర్తిస్తున్నది."