బొరుగు తప్పిపోయిన జాతర రోజు

తిరుపతిలో నన్ను చూసి తోక ఊపని కుక్క ఇంతవరకూ పుట్టలేదు. గొప్పకు చెప్పడం కాదు. రైల్వే స్టేషన్ నుంచి అలిపిరి దాకా ముప్పై ఏళ్ళు జట్కా తోలినవాణ్ణి. ఆ దారిలోని ప్రతి కుక్కకూ నా పేరు ఆదిమూలం అని తెలుసు. కొన్నింటికి మా నాయన పేరు కూడా తెలుసు.

డెబ్బై ఎనిమిదో తొమ్మిదో, ఆ ఏడు మా ఆవిడ వసంతమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం నలభై రోజులకు పోయింది గానీ మనిషి మంచం దిగలేదు. కాళ్ళలో ఏ లోపమూ లేదు, రోజూ నాలుగడుగులు వేయించమన్నాడు డాక్టరు. చెప్పడం ఆయనకు తేలిక. నేను తెల్లవారకముందే లేచి వంట చేసి, గుర్రానికి ఉలవలు పెట్టి, పొద్దంతా యాత్రికుల మూటలు మోసి, ఒళ్ళు హూనమై ఇంటికొచ్చి, "లెయ్యే వసంతా, వాకిట్లోకన్నా పోదాం" అనేవాణ్ణి. ఆమె గోడవైపు తిరిగేది.

"నాకు సేతకాదబ్బా. పోయి నీ గుర్రాన్ని అదిలించుకో."

బతిమాలి విసిగిపోయాను. కోప్పడి అంతకంటే విసిగిపోయాను. ఇక మిగిలింది మా ఊరి అమ్మవారు గంగమ్మే. వసంత తన కాళ్ళమీద వీధి చివర కరెంటు స్తంభం దాకా నడిస్తే, జాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకుని తోటి వేషం వేస్తానని మొక్కుకున్నాను.

మొక్కుకున్న వారానికి, స్టాండులో నాతోపాటు జట్కా తోలే చిన్నబ్బ ఒక కుక్కపిల్లను తెచ్చి నా బండిలో వేశాడు. దాని తల్లి ఎవరిదో బంగళాలో పొమేరియన్. తండ్రి, ఆ బంగళా గోడ దూకగలిగిన ఏదో వీధికుక్క. తెల్లగా, పిల్లి కంటే కాస్త పెద్దది. ఒక చెవి దొరసానిలా నిక్కి ఉంటే, రెండోది నాలాగా అలిసిపోయి వాలిపోయింది. కూర్చునే చోట నేను పరుచుకునే గోతం మీదే ముడుచుకుని ఇంటిదాకా వచ్చింది.

"బంగళావోళ్ళు వద్దనేసినారన్నా. మీ ఇంట్లో ఉండనీ."

"ఇంట్లో ఒకరు పడుకోనుంటే సాలదంట్రా నాకు?"

వసంతమ్మ మంచం మీంచి తలెత్తి చూసింది. "బొరుగు మాదిరి ఉండాది," అంది. జబ్బు పడ్డాక ఎవరూ అడక్కుండా ఆమె అన్న మొదటి మాట అది. మరమరాలను మేం బొరుగులంటాం. కుక్క పేరు బొరుగు అయిపోయింది.

బొరుగుకు కొన్ని పట్టింపులుండేవి. మజ్జిగన్నం తినేది, అది కూడా వసంతమ్మ చేత్తో కలిపితేనే. రోకలి చప్పుడుకు మంచం కిందికి దూరేది. అన్నిటికంటే పెద్ద పట్టింపు, కాలకృత్యాలకు మా వాకిలి పనికిరాదు. కరెంటు స్తంభమే కావాలి. నేను తీసుకుపోతానంటే రాదు. మంచం పక్కన నిలబడి కుయ్ కుయ్ మంటూ వసంతమ్మ చీర కొంగు లాగేది.

"ఉండవే తల్లీ, వస్తా ఉండాను. నా పానం తోడేస్తా ఉండావే," అని తిట్టుకుంటూ ఆమె గోడ పట్టుకుని లేచింది. మొదట గడప దాకా. పది రోజులకు మూడో ఇంటి దాకా. ఉగాది నాటికి స్తంభం దాకా పోయి, దాన్నే ఆనుకుని ఆయాసపడుతూ నిలబడింది. నేను చేయలేనిది గంగమ్మ చేసిందో బొరుగు చేసిందో నాకు తెలియదు. మొక్కు మాత్రం గంగమ్మకే.

నాతో మాత్రం దానికి పొసగలేదు. సాయంత్రం గడపలో కాలు పెడితే చాలు, పైకప్పు లేచిపోయేలా మొరిగేది. నా ఈ చెప్పు మీదికీ ఆ చెప్పు మీదికీ ఎగిరెగిరి మొరిగేది. నా ఇంట్లోకి నేను దొంగలా గోడవారగా పోవాలి. నన్ను చూసి తోక ఊపని కుక్క పుట్టలేదన్నాను కదా. పుట్టింది. మా ఇంట్లోనే, మా మజ్జిగన్నం తిని పెరిగింది.

"గుర్రం కంపు కొడతావుండావు. దానికి ముక్కుండాది," అనేది వసంతమ్మ.

"నీకు లేదా?"

"నాకు అలవాటైపోయింది."

మే నెలలో జాతర వచ్చింది. మా ఊళ్ళో వేషం కట్టినవాడు ఎవర్నైనా నోటికొచ్చినట్టు తిట్టవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అమ్మవారి దర్శనం అయ్యేదాకా మాత్రం వేషం కడుక్కోకూడదు. పొద్దున్నే బొగ్గు నూరి ఒళ్ళంతా పూసుకుని, నడుముకు వేపాకు చుట్టుకుని, వసంతమ్మకు చూపిద్దామని వాకిట్లోకి వచ్చాను. నా వెనకే డప్పులు. బొరుగు నన్ను ఒక్కసారి చూసి, కీచుమని అరిచి, నా కాళ్ళ సందులోంచి వీధిలోకి దూసుకుపోయింది.

వసంతమ్మ గడపలో నిలబడి గొంతు పోయేదాకా పిలిచింది. అది రాలేదు. లోపలికి పోయి మంచమెక్కి, మళ్ళీ గోడవైపు తిరిగింది.

"నీ మొక్కు తీరింది కదా. ఇంక పో."

నాలుగు నెలలుగా ఒక్కో అడుగే కూడిన నడక, తోక ముడుచుకుని పారిపోయింది.

వెతకడానికి బయలుదేరాను. మూలమీద పూలమ్మే దేవకమ్మను అడిగాను. "అక్కా, తెల్ల కుక్కపిల్ల ఇట్లా పోయిందా?"

"తెల్లది సూళ్ళేదు గానీ నల్లది నా ముందరే నిలబడుండాది," అని ఆమె పడీపడీ నవ్వింది.

"ఎగతాళి కాదక్కా. నిజ్జంగా పోయింది. అది రాకుంటే మా వసంత లేవదు."

"ఏడ్సే వేషం ఇప్పుడే సూస్తా ఉండా. బలే ఉండాది! తిట్టుబ్బా, తిట్టకపోతే ఏం వేషం?"

సైకిల్ షాపు దగ్గరా అదే. టీ అంగడి దగ్గరా అదే. నేను దండం పెట్టేకొద్దీ జనం గుమిగూడి నవ్వారు. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు. జన్మంతా అబద్ధాలు చెప్పి నమ్మించినవాణ్ణి. నోరారా నిజం చెప్పిన రోజు ఒక్కడూ నమ్మలేదు. మొహం కడుక్కుంటే నమ్ముతారు. కడుక్కుంటే మొక్కు చెడుతుంది.

మధ్యాహ్నమైంది. ఆ ఎండకు కాకులు కూడా గొడుగు అడిగాయి. తారు రోడ్డు మీద అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చెమటతో బొగ్గు కళ్ళలోకి కారింది. ఇక అడుగు పడదనిపించి ఇంటికి తిరిగొచ్చాను.

మంచం ఖాళీగా ఉంది.

అంతలో చిన్నబ్బ రొప్పుతూ వచ్చాడు. "అన్నా, వదిన స్టాండులో ఉండాది! బిర్నా రా!"

స్టాండు మా ఇంటికి మూడు వీధుల అవతల. గుర్రాన్ని విప్పేసిన నా జట్కా చక్రానికి ఆనుకుని వసంతమ్మ నేలమీద కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా దుమ్ము. బండిలో నా గోతం మీద, నా చెమట తలగుడ్డలో ముక్కు దూర్చి, బొరుగు నిద్రపోతోంది.

"ఈడుంటుందని నీకెట్లా తెలిసిందే?"

"నల్లోడెవడో ఇంట్లో సొరబడినాడని జడుసుకుంది పాపం. నీకాడికి రాక ఇంక యాడికి పోతాది? నీ కంపు ఉండేది ఈడనే గదా."

"రోజూ నన్ను సూసి మొరిగేది గదే!"

"మొరిగేది రావద్దని కాదయ్యా. ఇంతసేపూ యాడికి పోయినావని."

నేను చక్రానికి అటుపక్క కూలబడ్డాను. కాసేపటికి లేచి, "ఉండు, బండి కడతా," అన్నాను. "వద్దు, నడిసొచ్చినదాన్ని నడిసే పోతా," అని వసంతమ్మ లేచింది. ముందు బొరుగు, వెనక ఆమె, ఆ వెనక నల్లగా నేను, మూడు వీధులూ నడిచి ఇల్లు చేరాం.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ తిరుగు నడక. ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుండిపోయింది. కాళ్ళు గడగడా వణికాయి. జాతర రోజు నీకు సెలవని, స్టాండులోనే కట్టేసిన గుర్రానికి మాటిచ్చి ఉన్నాను. దాని చెవిలో తప్పయిపోయిందని చెప్పి బండి కట్టాను. వసంతమ్మ గోతం మీద పడి నిద్రపోయింది. బొరుగు ఆమె ఒళ్ళోంచి నా నల్లవీపు చూసి దారి పొడుగునా మొరుగుతూనే ఉంది. ఆమెను ఇంట్లో దించాకే గుడికి పోయి దర్శనం చేసుకుని కడుక్కున్నాను. అయినా ఆమె నడిచే ఇల్లు చేరిందని చెప్పుకోవడమే నాకు బాగుంటుంది.

మిగతాదంతా జరిగిందే. కాకులు గొడుగు అడగడంతో సహా.