నూనె మీద వెండి

గాజు పలకలు కడగడం లిడియా పని అని ఏ కాగితం మీదా రాసి లేదు. నిజామాబాద్‌లోని ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పరిశోధన చేసేవాళ్లు ముగ్గురు. మిగిలిన ఇద్దరి పలకలు కూడా ఆమె సింకులోకే వచ్చేవి. "నీ చేతికున్న శుభ్రం మాకెక్కడిది లిడియా," అని వాళ్లలో ఒకడైన ఆత్మారాం మొదటి వారంలోనే మెచ్చుకున్నాడు. ఆ ఒక్క మెప్పు మూడేళ్లు పనిచేసింది.

అయినా ఆ గది అంటే ఆమెకు ఇష్టం. పలక మీద చుక్క సిలికాన్ నూనె పరచాలి. గాలి తీసేసిన గాజు బుడ్డి కింద పెట్టి, వెండి ముక్కను ఆవిరయ్యేదాకా కాల్చాలి. ఆ ఆవిరి నూనె మీద వాలి, కంటికి ఆనీ ఆనని పొరవుతుంది. ఉత్త గాజు మీదైతే వెండి పడ్డచోటే అతుక్కుంటుంది. నూనె మీద దానికి కాలు నిలవదు. అటూ ఇటూ జరిగి, ఒకదాన్నొకటి వెతుక్కుని గుంపులు కడుతుంది. ఇదంతా ఒకసారి ఎడపల్లిలో అత్త గంగవ్వకు చెప్పింది. "నూనెల వెండి పోసుడుకు గిన్నేండ్ల సదువా," అని గంగవ్వ పక్కింటివాళ్లకు కూడా చెప్పి నవ్వించింది.

వెండి పడ్డాక అరగంట కాగానే బుడ్డిలోకి గాలి వదిలి పలక తీసేయడం ఆ ల్యాబు పద్ధతి. యంత్రం ఒక్కటే, వంతులు మూడు. ఆరోజు లిడియా వంతు చివరిది. వెండి పడటం అయిందో లేదో గంగవ్వ ఫోన్ చేసింది. నందిపేట్ నుంచి ఆడబిడ్డ వాళ్లు వస్తున్నారు, నాలుగున్నర బస్సుకే రావాలి. అరగంట ఆగితే బస్సు పోతుంది, ముందే తీస్తే పొర చెడుతుంది. గాలి తీసే పంపును నడవనిచ్చి, పలకను అలాగే వదిలేసి పరుగెత్తింది. ఎనిమిది మందికి రొట్టెలు కొడుతున్నంతసేపూ పంపు కాలిపోతుందేమోనన్న భయమే.

పంపు కాలలేదు. పొద్దున మైక్రోస్కోపు కింద, ఎప్పుడూ విరిగిన కొమ్మల్లా కనబడే వెండి బదులు, పొర అంచు నుంచి లోపలికి సన్నని ముడతలు ఒకదాని పక్కన ఒకటి, కొలిచి గీసినట్టు సాగిపోయి ఉన్నాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చూసింది మళ్లీ చూడకుండా నోరు విప్పే అలవాటు ఆమెకు లేదు. ఈసారి కావాలనే, నాలుగు సాయంత్రాలు పలకను వదిలి బస్సెక్కింది. నాలుగుసార్లూ ముడతలు వచ్చాయి.

అప్పుడు తన గైడ్ రామస్వామి సార్‌కు చూపించింది. ఆయన మైక్రోస్కోపు వదిలితే ఒట్టు. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు. తర్వాత అంతే మనస్ఫూర్తిగా అన్నాడు: "వచ్చే వారం పుణెల సదస్సు ఉన్నది. ఆత్మారాం పోయి చెప్తడు తియ్యి. మూడు రోజులంటే నీకు ఇంట్ల ఇబ్బంది గదా. పోతనంటే మాత్రం ఇంట్ల అడిగి రేపు చెప్పు."

కోపంగా అని ఉంటే జవాబు దొరికేదేమో. దయగా అన్నాడు కాబట్టి తలూపి వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ దయనే తిప్పి తిప్పి చూసుకుంది. భర్త మోజెస్ చెడ్డవాడు కాదు, పెళ్లయి ఆరేళ్లలో దేనికీ వద్దనలేదు. "అవ్వను అడుగు" అంటాడు, అంతే. గంగవ్వా వద్దనదు. "వాన్ని అడుగు" అంటుంది. ఈ ఇద్దరి మధ్య మగ్గంలో కండెలా ఆమె ఎన్నిసార్లు తిరిగిందో. ఎమ్మెస్సీకి అడిగింది, ఈ పరిశోధనకు అడిగింది, పుట్టింట్లో ఒక రాత్రి ఉండటానికి అడిగింది. పుణెలో ఎవరైనా లేచి, అరగంటకు తీస్తే ఏమవుతుంది, రాత్రంతా ఎందుకుంచారు అని అడిగితే ఆత్మారాం ఏం చెబుతాడు? ఆ వెండి పక్కన అతను ఒక్క సాయంత్రమైనా లేడు. వీధి మలుపు దగ్గర దిగి, చకచకా ఇంటివైపు నడిచింది.

గంగవ్వ గడపలో పుంటికూర తెంపుతోంది. లిడియా పక్కన కూర్చుని ఫోన్‌లో ముడతల ఫోటో చూపించింది.

"ఎవలు దున్నిండ్రే గిట్ల? సాళ్లు సక్కగున్నయి."

"ఎవలు దున్నలే అత్తమ్మ. రాత్రంత ముట్టకుంటె అవే వస్తయి. నేనే కనిపెట్టిన." ఇంకా ఆగకుండా అన్నది: "బుధవారం పుణె పోతున్న. మూడు రోజులు. గక్కడ దీని గురించి నేనే మాట్లాడాలె."

గంగవ్వ చేతిలో కాడ ఆగింది. "మరి వంట?"

"మీ కొడుకు హాస్టల్ల వండుకున్నోడే గదా."

అప్పుడే బండి దిగుతున్న మోజెస్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "వాని పప్పు తిని నేను మంచం పట్టాల్నా," అని గంగవ్వ గొణిగింది. గొణుగుతూనే ఫోటోను ఇంకోసారి చూపించమన్నది.

మర్నాడు రామస్వామి సార్ సదస్సు ఫారం ముందు పెట్టుకుని, మాట్లాడేవారి పేరు దగ్గర పెన్ను ఆపి అడిగాడు. "ఇంట్ల అడిగినవా?"

"అడగలేదు సార్," అన్నది లిడియా. "చెప్పిన."