దుప్పటికి అటు చివర

ఇస్త్రీ రోలరు కిందనుంచి వేడివేడిగా బయటికొచ్చిన దుప్పటిని ఆమె ఇటు పట్టుకుంది, పిన్ని అటు పట్టుకుంది. ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేసి గుంజారు. అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారజాపి మూలలు కలపడం, ముందుకు నడిచి పిన్ని చేతిలోని చివర అందుకోవడం, మళ్లీ వెనక్కి నడవడం. పొద్దున్నుంచి ఇదే. హోటలు దుప్పట్లు కనుక అన్నీ తెలుపే. ఈ పనికి బుర్రతో అవసరం లేదు. ఈవేళ వచ్చిన చిక్కల్లా అదే. చేతులు తమ పాటికి తాము పని చేసుకుపోతుంటే బుర్ర తీరిగ్గా కూర్చుని భయపడుతోంది.

వెనక డ్రయ్యర్లు హోరుమంటున్నాయి. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి లాండ్రీలో పెదాలు కదిపే మాట్లాడుకుంటారు. పిన్నికి అసలే వినబడదు. ఇరవయ్యో ఏట ఇక్కడ చేరి, జుట్టు తెల్లబడేలోగా చెవులు పోగొట్టుకుంది. ఆమెకు సొంత పిన్నేమీ కాదు. పనిలో చేరిన కొత్తలో "ఏమండీ" అంటే పలకలేదు, "అమ్మా" అంటే పలకలేదు. పొగరనుకుని, చివరికి "పిన్నీ" అని భుజం తట్టింది. ఆవిడ తిరిగి చూసి నవ్వింది. ఆ పిలుపే ఖాయమైంది.

డ్రయ్యరు ఆగింది. మూడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆమె వీధి తలుపుకేసి చూసింది. రోజూ వినే కూతే, నిన్నటిదాకా దానికి భయపడింది లేదు.

ఆమె హెవీ మెటల్ పాడుతుంది. పాడటమంటే రాగాలు తీయడం కాదు. కడుపులోంచి గాలిని పైకి తోసి, గొంతు అడుగున ఎక్కడో బండరాళ్లు దొర్లుతున్నట్టు గుర్రుమనడం. చూడబోతే బక్కపలచటి మనిషి, గట్టిగా తుమ్మితే పక్కకు ఒరిగేలా ఉంటుంది. ఆ గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందో ఆమెకే తెలియదు. ఉండేది అక్కావాళ్లింట్లో, పడక హాల్లో సోఫా మీద. ఒకసారి స్నానాలగదిలో మెల్లగా సాధన చేస్తుంటే బావ తలుపు దబదబా బాదాడు. "వాంతులా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అని ఒకటే కంగారు. మంచివాడు పాపం, నిమ్మరసం కలిపి తెచ్చాడు. నిజం చెప్పలేక తాగేసింది.

అందుకని పాట లాండ్రీకి వచ్చింది. డ్రయ్యర్ల హోరు మాటున సాధన. ఓనరు భోజనానికి వెళ్లినప్పుడు, ఉతికిన దుప్పట్లు పేర్చే కొట్టుగదిలో తలుపేసుకుని ఫోన్లో రికార్డింగు. దుప్పట్ల గుట్టల మధ్య గొంతు ఎంత శుభ్రంగా వస్తుందో! దాన్ని ఎక్కడో ఉన్న గిటారు మనిషికి పంపితే అతను తన వాయింపు కలిపి ఆన్‌లైన్లో పెడతాడు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అక్కడ ఆమె పేరు మసి. అందరూ "అన్నా", "గురూ" అనేవాళ్లు. ఆ పిలుపులకు ఆమె లోలోపల పొంగిపోయేది, బతుకులో ఎవరూ ఆమెను గురూ అనలేదు మరి.

ఒకరోజు ఆ పాటలు వినేవాళ్ల గ్రూపులో అందరూ మాట్లాడుకుంటుంటే మైకు ఆపి ఉందనుకుని "అయ్యో, ఛార్జింగ్ అయిపోతోందే" అంది. తన మామూలు ఆడగొంతుతో. అంతే. పాడేది మనిషి కాదు, మిషనని సగంమంది తేల్చేశారు. రుజువుకు మొహం చూపించమన్నారు కొందరు. ఇంకొందరు రాసినవి చదివి ఆమె లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. వాళ్లలో తుప్పు అనే పేరుతో రాసేవాడొకడు. మొదటినుంచీ ప్రతి పాటకూ శ్రద్ధగా, ముచ్చటేసేలా రాసినవాడు. ఫోటో అడిగాడు. ఆమె పంపలేదు. "నిన్ను పైకి తెచ్చిందే నేను. నాకే జవాబివ్వవా?" అన్నాడు. అప్పుడు భయం మొదలైంది.

అయినా తప్పు తానే చేసింది. కొత్త పాటలో, చివరి గర్జనకు ముందు కాస్త నిశ్శబ్దం ఉంది. సరిగ్గా అక్కడ డ్రయ్యరు కూత పడింది. కత్తిరించడం చిటికెలో పని. కానీ ఆ పొడుగు కూత పాట శ్రుతికి అతికినట్టు సరిపోయింది. తీసేయడానికి మనసొప్పక ఉంచేసింది. విన్నవాళ్లంతా అదేదో వాయిద్యం అనుకున్నారు. తుప్పు అనుకోలేదు.

నిన్న సాయంత్రం బస్టాపులో నిలబడి అతని మెసేజీ చదివింది. "అది లాండ్రీ డ్రయ్యరు. నీ ఊరేదో నీ గిటారువాడు నోరు జారాడు. ఆ రకం మిషన్లున్న లాండ్రీలు అక్కడ ఎన్నో లేవు. రేపు వస్తున్నా. నీ మొహం తెలీకపోతే ఏం, గొంతు తెలుసుగా." గ్రూపు నడిపేవాడికి చూపిస్తే, "పట్టించుకోకండి, అలాగే అంటుంటారు" అని ఒక నవ్వుబొమ్మ పెట్టాడు.

అందుకే పొద్దున్నుంచి ఆమె నోరు విప్పలేదు. మురికి బట్టలు దించే వ్యాను డ్రైవరు "ఏంటమ్మా, మౌనవ్రతమా?" అని నవ్వితే, అతని వేళ్లకేసి చూసింది, ఆ మెసేజీ టైపు చేసినవి ఈ వేళ్లేనేమోనని. ఎన్నాళ్లుగానో ఎరిగిన మనిషి. చూశాక సిగ్గేసింది, భయం మాత్రం పోలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాక పిన్ని ఆమె మోచేతిని పొడిచింది.

"దుప్పటి ఇవాళ ఉత్తిగా ఉందేమే?"

ఆమెకు అర్థం కాలేదు.

"గడ్డం కింద పెట్టుకుంటావు చూడు, అప్పుడు రోజూ గుడ్డంతా అదురుతుంది. బస్సు స్టార్టయినట్టు నా వేళ్లదాకా వస్తుంది. పాటేగా?"

అవునని పెదాలు కదిపింది. మొహమంతా వేడెక్కింది.

"అనుకున్నా. ఏడుపైతే అంత వరసగా రాదు. చెవులు పోయాక నాకు వినబడ్డ పాట అదొక్కటే." పిన్ని ముద్ద మింగి, ఆమె కళ్లలోకి చూసింది. "ఇవాళ పాట లేదు, ఒట్టి వణుకే. ఏమైందో చెప్పు."

చెప్పింది. శబ్దం లేకుండా, పెదాలతో, మొదటినుంచి చివరిదాకా. ఇంత పెద్ద సంగతి జీవితంలో ఎవరికీ చెప్పుకోలేదు. పిన్ని అంతా విని, అంటే చూసి, "వాడికి పనీపాటా లేదా?" అంది.

ఓనరు రోలరు బెల్టు కొనడానికి బజారుకెళ్లాడు. కౌంటరు మీద గంట మోగింది. పిన్నికి వినబడదు కనుక, ఎప్పటిలాగే ఆమె వెళ్లింది.

నల్లచొక్కా, పొడుగు జుట్టు ఉంటాయనుకుంది ఇంతసేపూ. ఇతను శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో సంచీతో నిలబడ్డాడు. బావ వయసుంటుంది. తల కొద్దిగా పక్కకు వంచి దేనికోసమో ఆగాడు. లోపల డ్రయ్యరు కూసింది. పొడుగు కూత దగ్గర అతను కళ్లు మూసుకుని చిన్నగా నవ్వాడు. ఆమె కౌంటరు అంచు పట్టుకుంది.

సంచిలోంచి నీలిగళ్ల దుప్పటి తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇది ఉతకాలండీ. ఎప్పుడిస్తారు?" అన్నాడు, ఆమె పెదాలకేసి చూస్తూ.

రేపు అనాలి. అంతకంటే చిన్నమాట లేదు. ఆమె పళ్లు బిగించింది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి వీధిదాకా వినబడేలా అరిచింది. "ఏం కావాలి బాబూ?"

"ఈవిణ్ణి అడుగుతున్నానండీ."

"దాన్నడిగి లాభం లేదు, అది మూగది. నేనా, చెవిటిదాన్ని. మా ఓనరుకి బలే జత దొరికాం." పగలబడి నవ్వింది.

అతను నవ్వలేదు. "ఇంకెవరూ చెయ్యరా ఇక్కడ?"

"మేమే."

"ఓనరుగారు రేపుంటారా?"

"ఎక్కడికి పోతాడు, ఉంటాడు."

అతను తల ఊపి, పిన్ని రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకుని, వెళ్లబోతున్నట్టు తిరిగాడు. తిరిగినవాడు ఉన్నట్టుండి అరచేత్తో కౌంటరు మీద ఫెళ్లున కొట్టాడు, ఆమె చేతికి బెత్తెడు దూరంలో.

అరుపు పుట్టింది. పైదాకా వచ్చింది. ఆమె దాన్ని పట్టి కడుపులోనే ఆపేసింది. గాలిని బిగబట్టడం ఆమెకు తెలిసిన విద్య, ఇన్నేళ్ల సాధనా ఈవేళ అరవకుండా ఉండటానికి పనికొచ్చింది. నాలుక కొరుక్కుంది, నోట్లో ఉప్పగా తగిలింది. అతను కాసేపు ఆమె గొంతుకేసి చూశాడు.

"దోమండీ" అన్నాడు. వెళ్లిపోయాడు. అవతలి పేవ్‌మెంటు మీద చాలాసేపు నిలబడి, తర్వాత నిజంగానే వెళ్లిపోయాడు.

ఆమె కొట్టుగదిలోకి వెళ్లి దుప్పట్ల గుట్టమీద కూలబడింది. రేపు ఓనరు ఉంటాడు. లోపలినుంచి ఆమెను కేకేస్తాడు, మూగదని ఎవరన్నారని ఆ వచ్చినవాడి ముందే అడుగుతాడు. పిన్ని వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు రాకు" అంది.

"ఎక్కడికి పోను?"

"దుప్పట్లు లేని ఊరుందా ఎక్కడైనా? మా చెల్లెలి కూతురు ఆసుపత్రి లాండ్రీలో చేస్తోంది. సాయంత్రం బస్సెక్కితే రేపటికి ఆ ఊళ్లో ఉంటావు. మీ అక్కకి బస్సులోంచి చెప్పుకో."

"వాడు గెలిచినట్టేగా పిన్నీ."

"గెలుపూ ఓటమీ తర్వాత చూసుకుందువుగాని. ముందు నువ్వు క్షేమంగా ఉండు."

ఆమె ఫోను తీసి మసి అన్న పేరును, దాని కిందున్న పాటలను తీసేసింది. ఖాయమేనా అని అడిగింది ఫోను. ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. ఖాయమే అని నొక్కింది.

సాయంత్రానికి నీలిగళ్ల దుప్పటి ఉతుకై, ఆరి, రోలరు కిందనుంచి వచ్చింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పిన్ని ఒక చివర పట్టుకుని రెండో చివర ఆమెకు అందించింది.

"పట్టు. వాడు నీ గొంతుకోసమేగా అంతదూరం వచ్చింది."

ఓనరు ఇంకా రాలేదు, వీధి తలుపు వేసి ఉంది. డ్రయ్యర్లు హోరుమంటున్నాయి. ఆమె దుప్పటి అంచును గడ్డం కింద నొక్కిపెట్టి, ఇద్దరి మధ్యా గుడ్డ బిగిసేలా గుంజి, మధ్యాహ్నం కడుపులో ఆపేసినదాన్ని వదిలింది. చివరి పాటలోని చివరి గర్జన, ఊపిరి ఉన్నంతసేపు. అటు చివర పిన్ని కళ్లు మూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటిగా గుడ్డమీద సర్దుకున్నాయి.

తర్వాత మామూలుగానే మడతలు వేశారు. ఆమె ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది, డబ్బా సంచిలో వేసుకుంది, పిన్ని చెయ్యి ఒకసారి పట్టుకుని వెనక తలుపులోంచి సందులోకి దిగింది. దిగేముందు ఒక్కసారి తిరిగి చూసింది. పైఅరలో, చీటీ గుచ్చిన నీలిగళ్ల దుప్పటి చక్కగా నాలుగు మడతల్లో, ఇంకా వెచ్చగా ఉంది.