సిరా పడని గడి

బ్రాంక్స్‌లో ఆ నాలుగో అంతస్తు వంటింట్లో నున్జియా పొద్దున్నే చేసే మొదటి పని చెంచాల సొరుగు లాగి చూడటం. కాఫీ సంగతి ఆ తర్వాత. 1941లో, పదిహేడో ఏట పట్టుకున్న అలవాటది.

తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. ఎనిమిదేళ్లు అన్న ఆల్డో వీపు మీదే మెట్లు దిగింది. ఆల్డోది బొమ్మల కథల పుస్తకాలకు సిరా దిద్దే పని. ఒకరు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మీద కుంచెతో నల్లసిరా పెడితే తప్ప అది అచ్చుకెక్కదు. కుంచె మొన తీయడానికి దాన్ని నోట్లో పెట్టుకునేవాడు కాబట్టి అతని పళ్లెప్పుడూ నల్లగా ఉండేవి. పెళ్లి సంబంధాలు అందుకే తప్పిపోయాయని వాళ్లమ్మ చివరిదాకా నమ్మింది. అది వేరే కథ.

ఆ ఏడు అతని చేతుల మీదుగా గాలివీరుడు పుట్టాడు. దగ్గుతో ఉసూరుమనే ఒక పోస్ట్‌మన్ తగరపు ఈల ఊదితే కొండలెత్తే వీరుడైపోతాడు. మొదటి సంచిక దుకాణాలకొచ్చిన పొద్దున చెంచాల మధ్య తగరపు ఈల కనబడింది. నున్జియా ఊదింది. లేచి వెళ్లి పొయ్యి మీద పొంగుతున్న పాలు దించింది.

"నున్జియా లేచిందా? అయితే కిందికెళ్లి నాకు రెండు నిమ్మకాయలు తెమ్మను," అంది పై అంతస్తు కాన్చెట్టా. ఆ మేడలో ఎవరూ అంతకుమించి ఏమీ అనలేదు.

ఈల ఊదితే సాయంత్రం దాకా నడక. పదేళ్లు అలా సాగింది. చదివేవాళ్లకు విసుగొచ్చి పుస్తకం ఆగిపోయిన నెల సొరుగులో చెంచాలే మిగిలాయి. మళ్లీ అయిదేళ్లు అన్న వీపే.

రెండోసారి గాలివీరుడు వచ్చేసరికి కాలం మారింది. పిల్లల పుస్తకాల్లో మంత్రాలుంటే పాపమని పెద్దలు తీర్మానించారు. ఈల పోయి మీటలున్న నడికట్టు వచ్చింది, సైన్సు పేరుతో. దాని బలం ఒక్క గంట. పాదిరీ ప్రసంగం సాగదీసిన ఆదివారాల్లో నున్జియా ఇంటికి చేరలేక మాంసం కొట్టు మెట్ల మీద కూలబడేది. ఒక నెల పెన్సిల్ అతను మూడు మీటలు గీస్తే తొందరలో ఆల్డో రెండింటికే సిరా పెట్టాడు. సొరుగులో నడికట్టుకూ రెండే ఉన్నాయి. అచ్చులో పడిందే ఇంట్లోకి వస్తుందని అన్నాచెల్లెళ్లిద్దరికీ అప్పుడే తెలిసింది.

మూడోసారి అది ఉంగరమైంది. "జింగ్‌బరా" అని గట్టిగా అరవాలి. అమ్మ అంత్యక్రియల రోజున శవపేటిక వెంట నడవడం కోసం నున్జియా చర్చి వెనక్కి వెళ్లి ఆ మాట అరిచి వచ్చింది.

1986లో కర్టిస్ అనే కుర్ర సంపాదకుడు గాలివీరుణ్ణి నాలుగోసారి మొదలుపెట్టాడు. చదివే పిల్లలు ఎదిగారట, నొప్పి కావాలట. ఈసారి ఉంగరం లోపల ముల్లుంది. తొడిగిన ప్రతిసారీ, తొడిగినవాణ్ణి అందరికన్నా ఎక్కువగా ప్రేమించే మనిషి ఆయుష్షులో ఒక ఏడు రాలిపోతుంది.

నున్జియా మొదటి సంచిక చదివి, ఉంగరాన్ని చెంచాల కిందికి తోసేసింది. పదకొండు నెలలు ముట్టుకోలేదు.

"తొడుక్కోవే," అనేవాడు ఆల్డో. "నిన్ను మోసే ఓపిక నాకిప్పుడు లేదు."

"నువ్వు చస్తుంటే నేను షికారు తిరగాలా?"

"ముప్పై ఏళ్ల నుంచి చస్తూనే ఉన్నాలే. నా వీపంతా తిన్నావు, ఒక్క ఏడాది తినలేవా?"

"నోర్మూసుకుని సూప్ తాగు, అన్నయ్యా."

ఆఖరి సంచిక పేజీలు ఫిబ్రవరిలో వచ్చాయి. గాలివీరుడి వేలి మీదే ఉంగరం పగిలిపోతుంది. వాడిక ఎప్పటికీ వీరుడే. మిగతా వెల అంతా ఒకేసారి వసూలై, పేజీ చివరి బొమ్మ గడిలో వాడి ముసలితల్లి వంటింటి బల్ల మీద తల వాల్చి చచ్చిపోతుంది.

ఆల్డో ఆ పేజీ చెల్లెలి ఒళ్లో పెట్టాడు. "ఇది లేత నీలం పెన్సిల్. అచ్చు కెమెరా కంటికి ఆనదు. అన్నిటికీ సిరా పెడతాను. ఆఖరి గడి వదిలేస్తాను. సంచిక వచ్చే పొద్దున నీ వేలికుంటే ఉంగరం పగులుతుంది, నీ కాళ్లు నీకుంటాయి. చావు అచ్చు కాదు."

"అది తెల్లగా ఉంటే ఆ కుర్రాడు అడగడూ?"

"తెల్లగా ఉంటే కళ అనుకుంటాడు."

నున్జియా ఆ నీలిగీతలను వేలితో రుద్ది చూసింది. అరవై మూడేళ్లొచ్చాయి. సాయంత్రం దాకా, గంట దాకా అని గడువుల్లేని నడక ఒక్క రోజైనా ఎరగదు. "ఒక్క ఏడాదే కదా," అంది చివరికి.

పేజీలు ఆఫీసుకు వెళ్లాయి. కర్టిస్ చూడలేదు. అచ్చుకు పంపే గదిలో లూసిల్ అనే పిల్ల చూసింది. ఆల్డో గీత మీద ఆమెకు చెప్పలేనంత గౌరవం. పాపం పెద్దాయన, కళ్లు ఆనక ఒక గడి మరిచిపోయాడు, ఆయనకు మాట రాకూడదనుకుంది. భోజనం మానేసి కలంపాళీతో ఆ గడి తనే పూర్తి చేసింది. ఎవరికీ చెప్పలేదు.

మే నెలలో సంచిక వచ్చే పొద్దున నున్జియా ఉంగరం తొడిగింది. ముల్లు గుచ్చుకుంది. లేచి నిలబడింది.

ఆల్డో బల్ల దగ్గర కాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. "వెళ్లి పుస్తకం తే. నిమ్మకాయలు మరిచిపోకు, ఆ కాన్చెట్టా నన్ను తినేస్తుంది."

వీధి చివర పత్రికల కొట్టువాడు కొత్త కట్ట తాడు కోస్తున్నాడు. తాడు తెగింది. నున్జియా వేలి మీద ఉంగరం రెండు ముక్కలై కాలిబాట మీద పడింది. ఆమె పడలేదు. ఒక అడుగు వేసి చూసింది, ఇంకొకటి వేసింది. కాళ్లు తనవే.

పుస్తకం తీసుకుని ఆఖరి పేజీ తిప్పింది.

గడి తెల్లగా లేదు. ముసలితల్లి తల బల్ల మీద వాలి ఉంది. ఒక్కో వెంట్రుకా విడివిడిగా, ఎంతో శ్రద్ధగా దిద్ది ఉంది. మధ్యలో లావెక్కి కొసన సన్నబడేది అన్న గీత. ఇది మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం.

పుస్తకం మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పై నుంచి కాన్చెట్టా కేకేసింది. "నున్జియా, నిమ్మకాయలు దొరికాయా?"

రెండేసి మెట్లు ఎక్కగలిగే కాళ్లవి ఇప్పుడు. ఆమె ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్లీ ఇంకో మెట్టు ఎక్కింది. నాలుగు అంతస్తులూ అలాగే ఎక్కింది.